కథ కంచికి చేరేది పేరు లేని సూపర్‌హీరోలకేనా?

పాత అట్ట (ప్రశ్న):

గత నెలలో ‘స్టార్‌మ్యాన్’ కామిక్స్‌ను మొదటి సంచిక నుంచి చివరిదాకా వరుసగా మళ్ళీ చదివాను. ఆఖరి పుట తిప్పిన తరువాత నన్ను పట్టుకుని వదలని ఒక ఆలోచనను మీ ముందు పెట్టాలనిపించి ఇది రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి. కథల ముగింపులు చెప్పక తప్పడం లేదు కాబట్టి, చదవనివారు ఆ సంగతి గమనించి ముందుకు సాగగలరు.

సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టాడు. ఇద్దరూ నేటికీ ఇంచుమించు అదే వయసులో, అవే నగరాలలో, అదే దుండగుల వెంట పరుగెత్తుతూనే ఉన్నారు. 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపి, ఆ సంచికతో పాటు పాఠకులకు సంతాప సూచకంగా నల్లపట్టీలు కూడా ఇచ్చిన ప్రచురణకర్తలే మరుసటి ఏడాది అతన్ని లేపి నిలబెట్టారు. పెద్దవాళ్ళు కథ చెప్పడం అయిపోగానే ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని దుప్పటి కప్పేవారు. ఈ పెద్ద పేరున్న వీరుల కథలు కంచి దారి పట్టవు, మనల్ని ఇంటికీ పంపవు.

‘స్టార్‌మ్యాన్’ అలా కాదు. జేమ్స్ రాబిన్సన్ రాయగా టోనీ హారిస్ బొమ్మలతో 1994లో మొదలైన ఈ కథ 2001లో 80వ సంచికతో ముగిసింది. 1940ల నాటి స్టార్‌మ్యాన్ అయిన టెడ్ నైట్ ముసలివాడై తన బాధ్యతను కొడుకు డేవిడ్‌కు అప్పగిస్తాడు. కథ ఇంకా సరిగా అందుకోకముందే, ఆ దుస్తులు వేసుకుని మేడ మీద నిలబడిన డేవిడ్‌ను కాల్చి చంపేస్తారు. మిగిలినవాడు జాక్, పాత వస్తువులు సేకరించి అమ్ముకునేవాడు, తండ్రి వీరగాథలన్నా ఆ బిగుతు దుస్తులన్నా ఎగతాళి చేసినవాడు. అతను ఆ బాధ్యత తీసుకున్నప్పుడు కూడా దుస్తులు వేసుకోనంటాడు. తోలు జాకెట్, కళ్ళకు అడ్డంగా అద్దాలు, చేతిలో తండ్రి తయారు చేసిన దండం, అంతే. పైగా తండ్రి తన విజ్ఞానాన్ని కొట్లాటలకు కాకుండా ప్రపంచానికి శక్తి వనరుగా మలచడానికి పూనుకోవాలని జాక్ షరతు పెడతాడు. ఏడాదికొకసారి ఒక సంచికలో జాక్ చనిపోయిన డేవిడ్‌తో కూర్చుని మాట్లాడతాడు. బ్రతికి ఉన్నన్నాళ్ళూ పోట్లాడుకున్న సోదరులిద్దరూ ఒకరు పోయిన తరువాతే నింపాదిగా మాట్లాడుకోగలగడం నేను ఏ పెద్ద వీరుడి కథలోనూ చూడలేదు.

అలాంటి సంచికలలో 37వది నాకు ప్రాణం. చనిపోయిన పాతకాలపు వీరులు కొందరు ఒక భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. వారిలో రెడ్ బీ ఉంటాడు. 1940లో ‘హిట్ కామిక్స్’ మొదటి సంచికలో కనిపించిన ఈ వీరుడి ఆయుధం తేనెటీగలు. అందులో మైకేల్ అనే తేనెటీగను నడుముపట్టీ బిళ్ళలో పెట్టుకుని తిరుగుతాడు. ఇన్నేళ్ళలో ఈ పాత్ర పేరు వినగానే నవ్వనివారు నాకు తారసపడలేదు, నేనూ నవ్వినవాడినే. కానీ ఆ బల్ల దగ్గర అతనికీ ఒక కుర్చీ, ఒక పళ్ళెం ఉన్నాయి. రచయిత అతన్ని మిగిలినవారి పక్కన కూర్చోబెట్టిన తీరు చూసి, నా నవ్వుకు నేనే కాస్త సిగ్గుపడ్డాను.

చివరికి జాక్ ఆ దండాన్ని కోర్ట్‌నీ విట్‌మోర్ అనే అమ్మాయి చేతిలో పెట్టి, కొడుకును తీసుకుని, తాను ప్రేమించిన మనిషితో కలిసి ఊరు వదిలి వెళ్ళిపోతాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు.

అలాగే గార్త్ ఎన్నిస్, జాన్ మెక్రియా కలిసి చేసిన ‘హిట్‌మ్యాన్’ 1996లో మొదలై 2001లో 60వ సంచికతో ఆగిపోయింది. ఆ చివరి సంచికలో చనిపోయిన కథానాయకుడు టామీ మోనహన్‌ను మళ్ళీ లేపి నిలబెట్టలేదు. అంతకు చాలాకాలం ముందు, 1968లో, ‘డూమ్ పెట్రోల్’ 121వ సంచికలో ఒక చేపలు పట్టే పల్లెలోని 14 మందిని కాపాడడం కోసం ఆ జట్టు సభ్యులందరూ తమ ప్రాణాలు వదులుకుంటారు. ఆ పద్నాలుగురి పేర్లు కూడా వారికి తెలియవు. పత్రిక అమ్మకాలు పడిపోయి మూసివేయవలసి వచ్చినప్పుడు రచయిత ఆర్నాల్డ్ డ్రేక్ ఎంచుకున్న ముగింపు అది.

నా ప్రశ్న ఇది. ఈ ధైర్యం ఈ కథలకు ఎక్కడి నుంచి వచ్చింది? నలుగురి నోళ్ళలో నానని పాత్ర కాబట్టి ఎవరూ కాపలా కాయలేదని, అందువల్లనే రచయిత చేతికి స్వేచ్ఛ దొరికిందని నా ఊహ. లేక మూలన పడిన వందలాది కామిక్స్‌లో బాగున్నవాటినే ఏరి గుర్తు పెట్టుకుని, ఆ మూలకు లేని మహిమను నేను అంటగడుతున్నానా? మీకు తెలిసిన పాత్రలతో జవాబు చెప్పండి. పేర్ల జాబితా వద్దు. ఆ పాత్ర మీకెందుకు మిగిలిపోయిందో చెబితే చాలు.

మూడో గడి:

పాత అట్ట గారూ, మీ ఊహ సగం నిజమని నా అభిప్రాయం. కాపలా లేకపోవడం కన్నా ముఖ్యమైనది, ఆ పాత్రల చేతిలో పెద్ద శక్తి లేకపోవడం. ఎక్కువ శక్తి ఉన్నవాడికి ప్రతి కథలోనూ అంతకన్నా పెద్ద శత్రువును వెతకాలి, అది ఎక్కడా ఆగదు. శక్తి తక్కువైనవాడి విషయంలో రచయిత మనిషి గురించి ఆలోచించక తప్పదు.

1963లో ‘అడ్వెంచర్ కామిక్స్’ 306వ సంచికలో ఎడ్మండ్ హామిల్టన్, జాన్ ఫోర్టే ఒక చిత్రమైన జట్టును ప్రవేశపెట్టారు. ముప్పయ్యో శతాబ్దంలో సూపర్‌హీరోల దళంలో చేరడానికి వచ్చిన కుర్రవాళ్ళు పరీక్షలో తప్పుతారు. ఓదార్పుగా తలా ఒక ఎగిరే పట్టీ ఇచ్చి పంపేస్తారు. నైట్ గర్ల్‌కు అపారమైన బలం ఉంది, కానీ ఎండ పడితే అది మాయమవుతుంది. స్టోన్ బాయ్ రాయిగా మారగలడు, మారిన తరువాత కదలలేడు. వీళ్ళు ఇంటికి పోకుండా ఒకచోట కూడి, ‘దళానికి తీరిక లేనప్పుడు మనం చూసుకుందాం’ అని ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెడతారు. ఆ కథను నవ్వు కోసం రాశారో, నిజంగానే రాశారో నేటికీ నాకు పూర్తిగా అంతుపట్టలేదు. రాయిలా నిలబడిపోవడం తప్ప ఏమీ చేతకాని పిల్లవాడు తనను ఎవరైనా ఎత్తుకుపోయి సరైన చోట పడవేస్తారని నమ్మి రాయి కావడంలో ఎంత విశ్వాసం ఉందో ఆలోచించండి. నాకైతే కొండలు ఎత్తేవాడి కన్నా వాడే ఎక్కువ గుర్తుంటాడు.

మీరు అడిగిన కోవలోకి అన్నింటికన్నా బాగా వచ్చేది మాత్రం డగ్ రామ్సే, అంటే సైఫర్. ‘న్యూ మ్యూటెంట్స్’ పత్రికలో 1984లో వచ్చాడు. ఏ భాషనైనా, ఏ లిపినైనా, ఏ సంకేతాన్నైనా చూడగానే అర్థం చేసుకోగలడు. అంతకు మించి ఏమీ చేయలేడు. చేతుల నుంచి మంటలూ మెరుపులూ కురిపించే స్నేహితుల మధ్య ఈ కుర్రవాడు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. పాఠకులకు అతను అంతగా నచ్చలేదు. 1988లో 60వ సంచికలో స్నేహితురాలి మీదికి వస్తున్న తూటాకు అడ్డం పడి చనిపోతాడు. ఆ హోరాహోరీలో అతను నేలకూలిన సంగతి తోటివారికి వెంటనే తెలియను కూడా తెలియదు.

తరువాత నాలుగు సంచికలకు వచ్చిన కథ ఇంకా విడ్డూరంగా ఉంటుంది. అతని ప్రాణ స్నేహితుడు వార్‌లాక్ మరో గ్రహం నుంచి వచ్చిన యంత్రప్రాణి. చావంటే ఏమిటో అతనికి అర్థం కాదు. అందుకే డగ్ శవాన్ని ఎత్తుకెళ్ళి, కదిలించి చూపిస్తే అందరి దుఃఖం పోతుందనుకుంటాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, జాలీ వేస్తుంది. సరిగ్గా ముప్పయ్యొక్క ఏళ్ళకు, 2019లో, రచయిత జోనథన్ హిక్‌మన్ పుట్టుకతో వింత శక్తులున్న మ్యూటెంట్లందరికీ ప్రాణమున్న ఒక దీవిని దేశంగా ఇచ్చినప్పుడు, ఆ దీవితో మాట్లాడగలిగినవాడు ఒక్క సైఫరే. వాళ్ళ కొత్త భాష కూడా అతని చేతి మీదుగానే తయారైంది. అంటే దేనికీ పనికిరాడని తీసిపారేసిన కుర్రవాడి మాట మీదే ఒక దేశం నిలబడింది.

కాబట్టి మీ లెక్క ప్రకారం చూస్తే ఇతను ఎటూ కాకుండా పోతాడు: పెద్ద పేరు లేదు, అయినా చావు నుంచి తిరిగి వచ్చాడు. కానీ ఆ రాక నాకు మోసంగా అనిపించలేదు. అతన్ని అమ్మకాల కోసం లేపలేదని, అతని శక్తికి తగిన పని ఇన్నాళ్ళకు దొరికిందని అనిపించింది.

గిడ్డంగి దీపం:

ఇద్దరూ బాగా రాశారు, కానీ నేను ఒప్పుకోను. మీరు చెప్పినవన్నీ డీసీ, మార్వెల్ అనే పేరున్న రెండు సంస్థల కామిక్స్. వాటి సంపుటాలు నేటికీ వెతికితే దొరుకుతాయి. అసలైన మరుగు వేరే ఉంది. అక్కడ రచయిత స్వేచ్ఛ గురించి మాట్లాడుకోవడానికి ముందు, ఆ కామిక్ మన చేతికి ఎందుకు రాలేదో చూడాలి. చాలాసార్లు దానికి కారణం కథలో ఉండదు, కాగితాల్లో ఉంటుంది.

‘రామ్’ విషయమే తీసుకోండి. 1979లో పార్కర్ బ్రదర్స్ వారు ఒక ఎలక్ట్రానిక్ బొమ్మను తయారు చేశారు, దాని ప్రచారానికని మార్వెల్ వారు కామిక్ మొదలుపెట్టారు. బొమ్మ అమ్ముడుపోక త్వరలోనే కనుమరుగైంది. ప్రకటన కోసం పుట్టిన కామిక్ మాత్రం బిల్ మాంట్లో రచనతో 1986 దాకా, 75 సంచికలు నడిచింది. మొదటి సంచికలో లోహపు శరీరంతో ఈ యోధుడు ఒక చిన్న ఊళ్ళో దిగుతాడు. అతని చేతిలోని పరికరానికి మాత్రమే మనుషుల వేషంలో తిరిగే శత్రువులు కనబడతారు. అతను ఆయుధం ఎక్కుపెట్టి పేల్చగానే వాళ్ళు వేరే లోకానికి వెళ్ళిపోతారు, నేల మీద బూడిద మిగులుతుంది. ఊరివాళ్ళకు కనబడేది ఏమిటి? తమ పొరుగువాడిని ఒక ఇనుప రాక్షసుడు కాల్చి బూడిద చేశాడు. అతను చేసే ప్రతి మంచి పనీ చూసేవాళ్ళకు హత్యే. ఆ ఒక్క ఏర్పాటుతో మాంట్లో ఏళ్ళ తరబడి కథ లాగాడు, అదీ చివరికి ముగించాడు కూడా. రామ్ మానవరూపం తిరిగి పొంది తాను ప్రేమించిన బ్రాండీతో తన గ్రహంలోనే ఉండిపోతాడు. ఇంత చక్కని కథ దశాబ్దాల పాటు పునర్ముద్రణకు నోచుకోలేదు. పాత్ర హక్కులు బొమ్మల కంపెనీవి, కథలోని మిగిలిన పాత్రలు కామిక్ సంస్థవి. 2024లో గానీ సంపుటంగా రాలేదు. ఈ మధ్యకాలంలో పాత సంచికలు ఒక్కొక్కటీ ఏరుకుని చదివినవాళ్ళలో నేనొకడిని. నా దగ్గరున్న ప్రతులలో రెండింటికి అట్టలే లేవు.

ఇంకా వెనక్కి వెళితే నెల్వానా. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విదేశీ మారకం పొదుపు కోసం కెనడా ప్రభుత్వం అమెరికా నుంచి అత్యవసరం కాని సరుకులను ఆపేసింది, వాటిలో కామిక్స్ కూడా ఉన్నాయి. దాంతో అక్కడివాళ్ళే సొంతంగా వేసుకున్నారు. లోపలి పుటలు నలుపు తెలుపుల్లో ఉండేవి. అలా 1941 ఆగస్టులో ఏడ్రియన్ డింగిల్ గీసిన నెల్వానా వచ్చింది. ఉత్తర ధ్రువకాంతుల రాజుకూ ఒక మానవ స్త్రీకీ పుట్టిన కూతురు ఆమె. వండర్ వుమన్ కన్నా కొన్ని నెలలు పెద్దది. యుద్ధం ముగిసి, అమెరికా రంగుల కామిక్స్ మళ్ళీ వచ్చి పడగానే ఆ పరిశ్రమ మొత్తం కూలిపోయింది, 1947 తరువాత నెల్వానా లేదు. అదీ ముగింపే. కానీ దాన్ని రచయిత ఎంచుకోలేదు. సరిహద్దు తెరుచుకుంది, అంతే.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైనది గ్రీన్ టర్టిల్. 1944లో ‘బ్లేజింగ్ కామిక్స్’లో చూ హింగ్ అనే చైనీస్ అమెరికన్ చిత్రకారుడు గీశాడు. ఈ వీరుడి ముఖం మనకు సరిగా కనబడదు. ప్రతి గడిలోనూ వీపు తిప్పి ఉంటాడు, లేదంటే చేయి అడ్డం వస్తుంది, లేదంటే అంగీ కప్పేస్తుంది. తన పుట్టుపూర్వోత్తరాలు కుర్ర సహచరుడికి చెప్పబోయిన ప్రతిసారీ ఏదో అవాంతరం వచ్చి మాట ఆగిపోతుంది. తన వీరుడిని చైనీయుడిగా చూపాలని చిత్రకారుడు అనుకున్నాడనీ, ప్రచురణకర్తలు ఒప్పుకోకపోతే ఇలా ముఖమే దాచేశాడనీ ఒక కథనం ఉంది. ఋజువు లేని మాటే అయినా, ఆ బొమ్మలను వరుసగా చూస్తే ఆ మొండితనం కళ్ళకు కడుతుంది. వీరుడి చర్మానికి అసహజమైన గులాబీ రంగు పులిమారు, గీసినవాడు ముఖం చూపకుండా ఉండిపోయాడు. ఐదు సంచికలతో ఆ పత్రికే ఆగిపోయింది. 2014లో జీన్ లూయెన్ యాంగ్, సనీ లీవ్ కలిసి అతనికి ఒక పుట్టుక కథ రాశారు, ఎవరూ దాచవలసిన అవసరం లేని ముఖం ఇచ్చారు.

అందుకే పాత అట్ట గారి ఊహకు నా జవాబు: మరుగున ఉండడం స్వేచ్ఛ ఇవ్వదు. గ్రీన్ టర్టిల్ విషయంలో మరుగు అంటే మెడ మీద కత్తి. ఆ కత్తి కింద కూడా ఒక మనిషి ఏం చేయగలిగాడన్నదే అందులో చదవవలసింది.

సిరా మరక:

చిన్న మాట చెప్పి వెళతాను. ‘పేరు లేని’ అంటున్నారు, ఎవరి మధ్య పేరు లేదు? ఫిలిప్పీన్స్‌లో డార్నాను పేరు లేని పాత్ర అంటే నవ్వుతారు. మార్స్ రవేలో ఆమెను మొదట 1947లో వార్గా పేరుతో సృష్టించి, పత్రిక మారిన తరువాత 1950లో డార్నాగా మళ్ళీ తెచ్చాడు. నార్డా అనే పల్లె పిల్ల ఒక చిన్న తెల్ల రాయి మింగి, ఆ పేరు గట్టిగా అరిస్తే వీరవనిత అవుతుంది. 1951 నుంచి ఆమె మీద సినిమాలే సినిమాలు. ఆ దేశంలో మూడు తరాల ఆడపిల్లలు గులకరాయి మింగినట్టు నటించి కుర్చీ మీద నుంచి దూకి ఉంటారని నేను ధైర్యంగా పందెం కాస్తాను. మనకు తెలియకపోవడం ఆ పాత్ర లోపం కాదు.

అలాగే మైల్‌స్టోన్. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ కలిసి నల్లజాతి సూపర్‌హీరోల కోసం పెట్టిన సంస్థ ఇది. ‘ఐకాన్’ మొదటి సంచిక చదవండి. ఒక ధనిక నల్లజాతి న్యాయవాది ఇంట్లోకి కొందరు కుర్రవాళ్ళు దొంగతనానికి వస్తారు, అతను తుపాకీ గుళ్ళకు చలించకుండా గాలిలోకి లేస్తాడు. ఆ దొంగల గుంపుతో వచ్చిన పదిహేనేళ్ళ రాకెల్ తరువాత తిరిగి వచ్చి తలుపు తడుతుంది: ఇంత శక్తి పెట్టుకుని ఊరికే ఇంట్లో ఎందుకు కూర్చున్నావని నిలదీస్తుంది. సూపర్‌హీరోను తయారు చేసింది ఆమె అడిగిన ఒక్క ప్రశ్న. కొద్ది సంచికల తరువాత ఆ రాకెల్ గర్భవతి అని తెలుస్తుంది, కథ దాన్ని దాచదు, శిక్షగానూ చూపదు. 1990ల మధ్యలో కామిక్స్ బజారు కుప్పకూలినప్పుడు ఈ పత్రికలూ పోయాయి. వాళ్ళ మరో వీరుడు ‘స్టాటిక్’ మాత్రం 2000 నుంచి 2004 దాకా కార్టూన్ ధారావాహికగా వచ్చి, కామిక్ ముఖం చూడని పిల్లలకు కూడా తెలిసిపోయాడు.

నడిరేయి పాఠకురాలు:

ఈ చర్చలో ఒక మాట ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. పాత్రకు పేరుందా లేదా అన్నదాని కన్నా, పాత్ర ఎవరిది అన్నది చూడండి. గిడ్డంగి దీపం గారు హక్కుల కాగితాల గురించి అన్న మాటనే ఇంకో వైపు నుంచి అంటున్నాను. రచయిత, చిత్రకారుడు తమ పాత్రలకు తామే యజమానులైనప్పుడు కాలం నడుస్తుంది. అలా కాకపోతే గడియారం ఆగుతుంది.

‘ఆస్ట్రో సిటీ’ని కర్ట్ బుసీక్, బ్రెంట్ ఆండర్సన్ 1995లో మొదలుపెట్టారు, అట్టలు అలెక్స్ రాస్ వేశారు. మొదటి సంచికలో సమారిటన్ అనే మహావీరుడు రాత్రి కలలో తీరుబడిగా ఎగురుతుంటాడు. మెలకువ రాగానే ఎక్కడో ప్రమాదం, అక్కడి నుంచి ఇంకోచోటికి. రోజంతా ఎగురుతూనే ఉంటాడు, కానీ ప్రతిసారీ ఎవరినో కాపాడడానికి, గాలిని అనుభవించే తీరిక లేకుండా. ఎగిరిన సమయాన్ని సెకన్లలో లెక్కపెట్టుకుంటాడు. పడుకునే ముందు కూడితే మొత్తం 56 సెకన్లు. ఎగరగలిగినవాడికి ఎగిరే తీరిక లేకపోవడం అన్న ఒక్క సంగతితో ఒక సంచిక మొత్తం నడిచింది. ఈ పత్రికలో కాలం మన కాలంతో పాటే కదులుతుంది. తొలి సంచికలలో చిన్నపిల్లగా కనబడ్డ ఆస్ట్రా తరువాత కాలేజీ చదువు పూర్తి చేసే వయసుకు వస్తుంది. స్పైడర్‌మ్యాన్ కన్నా ఆమె త్వరగా పెద్దదైంది.

వీటన్నిటికన్నా నాకు మరపురానిది 1996లో వచ్చిన ఒక చిన్న కథ. మైకేల్ అనే మామూలు మనిషికి ప్రతి రాత్రీ కలలో ఒక స్త్రీ కనబడుతుంది. ఆమె నవ్వు, ఆమె చీకట్లో పక్కకు తిరిగే తీరు అన్నీ తెలుసు, కానీ ఆమెను ఎన్నడూ కలవలేదు. తెలిసినవాళ్ళందరినీ అడుగుతాడు, పాత ఫోటోలు తిరగేస్తాడు. చివరకు ఒక రాత్రి హ్యాంగ్డ్ మ్యాన్ అనే ఆత్మ వచ్చి నిజం చెబుతుంది. సూపర్‌హీరోల మహాయుద్ధమొకటి కాలాన్నే చీల్చింది, తిరిగి అతికించినప్పుడు కొన్ని చిన్న చిన్న తేడాలు వచ్చాయి. ఆ తేడాల్లో ఒకటి, అంతకు ముందు అతని భార్యగా ఉన్న ఆ స్త్రీ తాత, నాయనమ్మ ఒకరినొకరు కలుసుకోకపోవడం. ఆమె పుట్టనే లేదు. కావాలంటే ఆ జ్ఞాపకాన్ని తుడిచేస్తానంటుంది ఆత్మ. అతను గుర్తుంచుకుంటానంటాడు, తలుపు దాకా వెళ్ళి ఒక్క మాట అడుగుతాడు: ‘నాలాంటి మిగతావాళ్ళు ఏం కోరుకున్నారు?’ ఆ జవాబు నేను రాయను, చదవనివాళ్ళ కోసం దాచిపెడుతున్నాను. పెద్ద పత్రికలు విశ్వాలను కూల్చి మళ్ళీ కట్టిన కథలు ఎన్నో చదివాం; ఆ కూల్చివేతలో ఒక మనిషి పడకలో సగం ఖాళీ అయిందని అనుకున్నవాడు మాత్రం బుసీక్ ఒక్కడే.

పాత అట్ట:

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని మాటల తరువాత నా ఊహ మొదట చెప్పినట్టు నిలబడదు, అది ఒప్పుకుంటున్నాను. నెల్వానా సంగతి చదివాక ‘మరుగు స్వేచ్ఛనిస్తుంది’ అన్న మాట రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది. సిరా మరక గారు అడిగిన ప్రశ్నకు కూడా నా దగ్గర సమాధానం లేదు. నాకు తెలియనివాళ్ళను పేరు లేనివాళ్ళు అనేశాను.

అయితే నడిరేయి పాఠకురాలి గారి మాట దగ్గర ఒక పేచీ ఉంది. జాక్ నైట్, టామీ మోనహన్ ఇద్దరూ పెద్ద సంస్థ ఆస్తులే, వాళ్ళను సృష్టించినవాళ్ళకు యాజమాన్యం లేదు. అయినా కథ ముగిసింది. ‘హిట్‌మ్యాన్’ 34వ సంచిక చూడండి, దానికి 1999లో కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ పురస్కారం కూడా వచ్చింది. బ్యాట్‌మ్యాన్ నగరమైన గోథమ్‌లో ఒక మేడ మీద సూపర్‌మ్యాన్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. అంతరిక్షంలో ఒకరిని కాపాడలేకపోయానన్న బాధ. అదే మేడ మీదికి వచ్చిన టామీ, డబ్బుకు మనుషులను చంపేవాడు, అతన్ని ఓదారుస్తాడు. సూపర్‌మ్యాన్ తేలికపడి ఎగిరిపోతాడు. ఆ తరువాత టామీ తాను వచ్చిన పని పూర్తి చేస్తాడు, అంటే తుపాకీ తీసి ఒకడిని కాలుస్తాడు. మరునాడు సూపర్‌మ్యాన్ తన పత్రికలో ఏమీ జరగనట్టు ఉండాలి. టామీ మాత్రం ఆ మాటల బరువుతో ఇంకో 26 సంచికలు నడిచి చచ్చిపోవచ్చు. ఒకే మేడ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడికే ఆ వీలుంది. దాన్ని యాజమాన్యంతో వివరించలేం, ఆ రచయితను ఆపేంత అవసరం ఎవరికీ లేకపోవడంతోనే వివరించగలం. నా ఊహలో ఆ ముక్క మాత్రం ఇంకా ప్రాణంతో ఉందనుకుంటాను.

మీ మాటకు బలం చేకూర్చే పాత్ర కూడా ఒకటి నా దగ్గర ఉంది, న్యాయానికి అది చెప్పాలి. పాల్ చాడ్విక్ 1986 నుంచి రాసి గీసిన ‘కాంక్రీట్’. రాజకీయ నాయకుడికి ఉపన్యాసాలు రాసిపెట్టే ఒక మనిషి మెదడును గ్రహాంతరవాసులు రాతి శరీరంలో పెట్టేస్తారు. అతను నేరస్థుల వెంట పడడు. ఈత కొడతాడు, కొండలెక్కుతాడు, పుస్తకాలు రాస్తాడు. చూపు అద్భుతంగా ఉంటుంది, స్పర్శ ఉండదు. ప్రేమించిన మనిషి చేయి పట్టుకోవాలంటే వేలు నలిగిపోతుందేమోనన్న భయం. అలాంటి సూపర్‌హీరోను ఏ సంస్థ సంపాదకుడికైనా చూపిస్తే, విలన్ ఎక్కడున్నాడని అడుగుతాడు.

గిడ్డంగి దీపం గారూ, ఆ అట్టల్లేని రెండు సంచికలు ఏవో చెప్పగలరా? నా దగ్గర ‘రామ్’ రెండో ప్రతులు కొన్ని ఉన్నాయి. పాఠకురాలు గారూ, ఆ మైకేల్ కథ ఎందులో దొరుకుతుంది? జవాబు దాచిపెట్టి నిద్ర లేకుండా చేశారు.

నడిరేయి పాఠకురాలు:

టామీ విషయంలో మీరే గెలిచారు. ఆ కథ 1/2 అనే సంఖ్యతో విడిగా వచ్చిన చిన్న సంచిక. విడి ప్రతి వెతకనక్కర లేదు, ‘కన్ఫెషన్’ అనే సంపుటంలో చేర్చారు. ముందు అదే చదవకండి. ‘లైఫ్ ఇన్ ద బిగ్ సిటీ’ అనే మొదటి సంపుటంతో మొదలుపెడితే, ఆ నగరం కాస్త మీ సొంతమయ్యాక మైకేల్ దగ్గరికి చేరతారు.

గిడ్డంగి దీపం:

17, 41. నలభై ఒకటో దానికి చివరి పుట కూడా సగమే ఉంది. మీ దగ్గర రెండో ప్రతి ఉంటే, నా దగ్గరున్న ‘ఐకాన్’ మొదటి సంచిక మీకు పంపిస్తాను.